అశ్వికదళ కార్బైను

కార్బైను అనగా సాధారణ సైనిక తుపాకి కంటే పొట్టిగా, తేలికగా ఉండే తుపాకి. గుర్రంపై స్వారీ చేసే సైనికుల కొరకు ఇది రూపొందించబడినది. 19వ శతాబ్దంలో యూరోపు సైన్యాలన్నీ తమ అశ్వికదళాలకు ప్రత్యేకమైన కార్బైనులను తయారుచేయించాయి. వాటిలో జర్మనీ (ముఖ్యంగా ప్రష్యా) కార్బైనులు వాటిపై ఉండే ముద్రల వలన చరిత్రకారులకు, సేకరణకర్తలకు ఎంతో సమాచారాన్ని అందిస్తాయి. భారతదేశంలో పాత తుపాకిని గుర్తించడం అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, చట్టానికి సంబంధించినది కూడా. ఈ వ్యాసంలో జర్మన్ కార్బైనుల రకాలు, వాటిని గుర్తించే పద్ధతులు, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు ఆయుధ చరిత్ర, పాత తుపాకి దొరికినప్పుడు పాటించవలసిన నియమాలు వివరించబడినవి.

పేరు, ప్రయోజనం

తెలుగులో వాడే "తుపాకి" అనే మాట టర్కీ భాష నుండి వచ్చినది. "కార్బైను" అనేది ఫ్రెంచి భాష నుండి ఇంగ్లీషు ద్వారా వచ్చిన మాట. పదాతి సైనికుని తుపాకి 19వ శతాబ్దంలో దాదాపు 130 సెంటీమీటర్ల పొడవు ఉండేది. కొనకు బాకు తగిలించినపుడు అది బల్లెంలా కూడా పనిచేసేది. గుర్రంపై కూర్చున్నవానికి అంత పొడవైన తుపాకి అడ్డంకి. అందుచేత గొట్టాన్ని కురచ చేసి, తుపాకిని జీనుకు కట్టిన తోలు ఒరలోగాని, సైనికుని భుజానికి వేసిన పట్టీకిగాని తగిలించేవారు. గొట్టం పొట్టిదైనందున గుండు వేగం, గురి దూరం కొంత తగ్గుతాయి. అశ్వికుని ప్రధాన ఆయుధాలు కత్తి, బల్లెము కాబట్టి ఈ లోపాన్ని అప్పటి సైన్యాలు అంగీకరించాయి.

జర్మన్ కార్బైనుల చరిత్ర

డ్రైసే సూది తుపాకి: యోహాన్ నికొలాస్ డ్రైసే రూపొందించిన సూది తుపాకిని ప్రష్యా సైన్యం 1841లో స్వీకరించినది. కాగితపు తూటాను తుపాకి నోటి నుండి కాక వెనుక నుండి అమర్చడం, పొడవైన సూది తూటాలోకి దూసుకుపోయి దానిని పేల్చడం దీని ప్రత్యేకత. దీని అశ్వికదళ రూపం 1857 నమూనా కార్బైను. 1866లో ఆస్ట్రియాతోను, 1870-71లో ఫ్రాన్సుతోను జరిగిన యుద్ధాలలో ప్రష్యా సైన్యం వాడినది ఈ సూది తుపాకులనే.

మార్చిన షాస్‌పో: 1870-71 యుద్ధంలో ఫ్రెంచివారి నుండి పెద్ద సంఖ్యలో షాస్‌పో తుపాకులు జర్మన్ల చేతికి చిక్కాయి. వాటిలో కొన్నింటిని పొట్టిగా కోసి, లోహపు తూటాకు అనుకూలంగా మార్చి అశ్వికదళానికి ఇచ్చారు. ఇటువంటి తుపాకిపై ఫ్రెంచి కర్మాగారపు గుర్తు, జర్మన్ తనిఖీ గుర్తు రెండూ కనిపించవచ్చు. అది నకిలీ అనడానికి నిదర్శనం కాదు, దాని చరిత్రకు సాక్ష్యం.

1871 నమూనా కార్బైను: మౌజర్ సోదరులు (విల్హెల్మ్, పౌల్) రూపొందించిన 1871 నమూనా ఏకైక తూటా తుపాకికి ఇది పొట్టి రూపం. పదాతిదళపు తుపాకి దాదాపు 135 సెంటీమీటర్లు ఉండగా కార్బైను సుమారు ఒక మీటరు మాత్రమే ఉంటుంది. ఇందులో 11 మిల్లీమీటర్ల తూటా, నల్లమందు వాడేవారు.

88 నమూనా కార్బైను: పొగరాని మందు వచ్చిన తరువాత జర్మనీ ప్రభుత్వం నియమించిన సైనిక సంఘం 1888 నమూనా తుపాకిని రూపొందించినది. అందుచేత దీనిని "కమిషన్ తుపాకి" అని కూడా అంటారు. 5 తూటాల క్లిప్పును ఇందులో అమర్చుతారు. తూటా 7.92 మిల్లీమీటర్లది. పదాతిదళపు తుపాకి 124 సెంటీమీటర్లకు పైగా ఉండగా, అశ్వికదళ కార్బైను 95 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. గొట్టం చుట్టూ మరొక పలుచని లోహపు తొడుగు, చెంచాలా చదునుగా చేసి క్రిందికి వంచిన బోల్టు పిడి దీని గుర్తులు. ఇదే తుపాకికి కొక్కెం చేర్చి ఫిరంగిదళానికి ఇచ్చిన రూపాన్ని 91 నమూనా అంటారు.

98 నమూనా కార్బైనులు: 1898 నాటి ప్రసిద్ధ మౌజర్ తుపాకి నుండి అనేక కార్బైనులు పుట్టాయి. 1908లో వచ్చిన కార్బైను 109 సెంటీమీటర్ల పొడవు ఉండి మొదటి ప్రపంచ యుద్ధంలో విస్తృతంగా వాడబడినది. 1935లో స్వీకరించిన 98కె నమూనా పేరుకు కార్బైను అయినప్పటికీ, ఆచరణలో అది జర్మన్ పదాతిదళపు ప్రధాన తుపాకి. కనుక "కార్బైను" అనే పేరు ఉన్న ప్రతి తుపాకి అశ్వికదళానిది కాదని గమనించాలి.

గుర్తించే పద్ధతి

తుపాకిని గుర్తించడం పెద్ద లక్షణాలతో మొదలై చిన్న ముద్రలతో ముగియాలి. ముద్రతో మొదలుపెట్టినవారు పొరపడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ముద్రను ఎవరైనా కొట్టవచ్చు, యంత్ర నిర్మాణాన్ని మార్చడం కష్టం.

* పేల్చే పద్ధతి: వత్తితో పేలేదా, చెకుముకి రాయితోనా, రాగి టోపీతోనా, సూదితోనా, లోహపు తూటాతోనా అన్నది మొదట చూడాలి. దీనితోనే తుపాకి కాలం చాలావరకు తేలిపోతుంది.
* కొలతలు: మొత్తం పొడవు, గొట్టం పొడవు, గొట్టపు లోపలి వ్యాసం కొలవాలి. గొట్టం లోపల మెలికల గాళ్ళు ఉన్నాయా, నున్నగా ఉన్నదా అన్నది కూడా చూడాలి.
* బోల్టు పిడి: జర్మన్ పదాతిదళపు పాత తుపాకులలో పిడి ప్రక్కకు నిలువుగా పొడుచుకుని ఉంటుంది. కార్బైనులలో జీనుకు, బట్టలకు తగలకుండా క్రిందికి వంచి ఉంటుంది.
* కర్మాగారం: తుపాకి గది పైభాగాన కిరీటము, దాని క్రింద ఊరి పేరు, సంవత్సరం ఉంటాయి. స్పాండావ్, ఎర్ఫుర్ట్, డాన్‌జిగ్ ప్రష్యా ప్రభుత్వ కర్మాగారాలు. ఆంబెర్గ్ బవేరియా రాజ్యానిది. జూల్ పట్టణంలోని హేనెల్, షిల్లింగ్ వంటి ప్రైవేటు సంస్థలు కూడా 88 నమూనా కార్బైనులను తయారుచేశాయి.
* నమూనా పేరు: గది ఎడమ ప్రక్కన పాత జర్మన్ లిపిలో చెక్కబడి ఉంటుంది. ఈ లిపి వంకరలతో అలంకారంగా ఉంటుంది.
* తనిఖీ గుర్తులు: ప్రతి ముఖ్య భాగంపైనా చిన్న కిరీటం, దాని క్రింద ఒక అక్షరం ఉంటాయి. ఇవి ఆయా భాగాలను పరీక్షించిన అధికారుల గుర్తులు. 1930ల తరువాతి నాజీ కాలపు తుపాకులపై కిరీటానికి బదులు గద్ద బొమ్మ ఉంటుంది.
* వరుస సంఖ్య: పూర్తి సంఖ్య గొట్టంపై, గదిపై, బోల్టుపై ఉంటుంది. మరలవంటి చిన్న భాగాలపై చివరి రెండు అంకెలు మాత్రమే ఉంటాయి. అన్నీ ఒకటే అయితే తుపాకి కర్మాగారం నుండి వచ్చిన రూపంలోనే ఉన్నదని అర్థం. సంఖ్యలు కలవకపోతే భాగాలు మారినట్లు.
* దళ గుర్తు: వెనుక భాగపు లోహపు పలక మీదనో, గొట్టాన్ని బిగించే పట్టీ మీదనో అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఇవి రెజిమెంటు సంఖ్య, దళం రకం, స్క్వాడ్రను సంఖ్య, తుపాకి సంఖ్య అనే వరుసలో ఉంటాయి. డ్రాగూన్లకు "డి", హుస్సార్లకు "హెచ్", ఉలాన్లకు "యు", కవచధారులైన క్యూరాసియర్లకు "కె" అనే లాటిన్ అక్షరాలు వాడేవారు. "8, హెచ్, 3, 45" అని ఉంటే అది 8వ హుస్సారు రెజిమెంటు, 3వ స్క్వాడ్రను, 45వ తుపాకి. ఒక కార్బైను ఏ రెజిమెంటుకు చెందినదో ఈ చిన్న ముద్ర చెబుతుంది. సేకరణకర్తలు దీనికి అత్యంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

"మౌజర్" అనే పేరు కనబడినంత మాత్రాన తుపాకి జర్మన్ సైన్యానిదని నిర్ణయించరాదు. మౌజర్ సంస్థ టర్కీతో సహా అనేక దేశాలకు తుపాకులు అమ్మినది. వేట తుపాకులు కూడా తయారుచేసినది. 1891 నాటి జర్మన్ చట్టం ప్రకారం పౌరులకు అమ్మే తుపాకులను పరీక్షించి, కిరీటం క్రింద "బి", "యు", "జి" వంటి అక్షరాలు ముద్రించేవారు. ఈ ముద్రలు వరుసగా ఉన్న తుపాకి సాధారణంగా వేట తుపాకియే గాని సైనిక కార్బైను కాదు.

దక్కను అశ్వికదళాలు, జర్మన్ ఆయుధాలు

దక్కనుకు చెందిన గుర్రపు దళాలు మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆయుధాలను ఎదుర్కొన్నాయి. 20వ దక్కన్ హార్స్ రెజిమెంటు 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో హైవుడ్ అనే అడవి వద్ద జర్మన్లపై గుర్రాలతో దాడి చేసినది. హైదరాబాదు సంస్థానపు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడులో పాలస్తీనాలో పోరాడారు. ఈ బ్రిగేడుకు చెందిన జోధ్‌పూర్, మైసూరు దళాలు 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్నాయి. మూడు సంస్థానాల సైనికుల స్మారకంగా 1922లో ఢిల్లీలో నెలకొల్పినదే తీన్‌మూర్తి స్మారకం.

పాలస్తీనాలోని టర్కీ సైన్యం వాడిన తుపాకులలో అధికభాగం మౌజర్లు. యుద్ధకాలంలో జర్మనీ తన పాత 88 నమూనా తుపాకులను కూడా టర్కీకి పంపినది. టర్కీ తుపాకుల గురి పలకపై అంకెలు అరబ్బీ లిపిలో ఉంటాయి. ఉర్దూ అంకెలు తెలిసినవారు వీటిని సులభంగా చదువగలరు. అయితే అరబ్బీ లిపి కనబడగానే దానిని టర్కీ తుపాకి అనుకోరాదు. నిజాం సంస్థానంలోని ఆయుధాలపై కూడా ఉర్దూ, పారశీక అక్షరాలు ఉండవచ్చు. అటువంటి వాటిపై ఉన్న సంవత్సరం హిజ్రీయో, ఫసలీయో కావచ్చు. హైదరాబాదు ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు ఫసలీ 1300 అంటే 1890-91.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు ఆయుధ చరిత్ర

నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాలు నల్లమల కొండలకు పడమరన ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరకముందు ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతంలో పాత తుపాకుల కథ నవాబులు, పాళెగాళ్ళు, కుంఫిణీ ప్రభుత్వం అనే మూడు శక్తుల చుట్టూ తిరుగుతుంది.

1800లో నిజాము రాయలసీమ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పుడు ఇక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కరి వద్ద కోట, సాయుధులైన కట్టుబడి బంట్లు ఉండేవారు. 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పాళెగాళ్ళ సైనిక బలాన్ని అణచివేసి, కొందరికి భరణాలు ఏర్పాటు చేశాడు.

నంద్యాల మాత్రం 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. నవాబు గులాం రసూల్ ఖాన్ కర్నూలులో రహస్యంగా ఆయుధాలు సమకూరుస్తున్నాడని కంపెనీ ప్రభుత్వానికి తెలిసినది. 1839 అక్టోబరులో కంపెనీ సైన్యం కర్నూలును ఆక్రమించినపుడు కోటలోను, మహలులోను ఫిరంగులు, తుపాకులు, మందుగుండు పెద్ద మొత్తంలో బయటపడ్డాయి. జొహరాపురం వద్ద నవాబు అనుచరులకు, కంపెనీ సైన్యానికి పోరు జరిగినది. నవాబును తిరుచిరాపల్లికి తరలించగా 1840లో అక్కడ హత్యకు గురయ్యాడు. ఆయన రాజ్యం కంపెనీ పరమైనది.

ఏడేళ్ళ తరువాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు జరిగినది. కట్టుబడి బంట్ల ఇనాములను ప్రభుత్వం తిరిగి తీసుకొనడం దీనికి ఒక ముఖ్య కారణం. 1846 జూలైలో తిరుగుబాటుదారులు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. అదే ఏడాది అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడ్డాడు. ఆయన తలను 1877 వరకు కోట బురుజుకు వ్రేలాడదీశారు. మరుసటి ఏడాదే, అంటే 1878లో, వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా భారతీయులు ఆయుధాలు కలిగి ఉండడాన్ని నేరం చేసినది. పాళెగాళ్ళ కాలపు ఆయుధాలు నేడు అరుదుగా కనిపించడానికి ఈ వరుస నిరాయుధీకరణ ముఖ్య కారణం.

కనుక ఈ ప్రాంతంలో పాత తుపాకి బయటపడితే అది జర్మన్ కార్బైను అయ్యే అవకాశం కంటే క్రింది వాటిలో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

* వత్తి తుపాకి: మందుకు నిప్పంటించడానికి మండే వత్తిని వాడేది. గొట్టం పొడవుగా, కొయ్య సన్నగా ఉంటుంది. దేశీయ కమ్మరుల పని.
* కుంఫిణీ తుపాకి: చెకుముకి రాయితో పేలేది. 1808 వరకు తాళపు పలకపై హృదయాకారంలో కంపెనీ వర్తక ముద్ర ఉండేది. తరువాత కిరీటాన్ని పట్టుకొని నిలుచున్న సింహం బొమ్మ వచ్చినది. బ్రిటిష్ రాజు సైన్యపు తుపాకులపై ఇవి ఉండవు. వాటిపై కిరీటము, రాజు పేరులోని అక్షరాలు ఉంటాయి.
* పాజెట్ కార్బైను: 19వ శతాబ్దపు తొలి భాగంలో బ్రిటిష్ తేలికపాటి అశ్వికదళం వాడినది. గొట్టం 16 అంగుళాలు. గుర్రంపై నుండి జారిపోకుండా మందు దట్టించే కడ్డీని గొట్టం కొనకు తిరుగుడు బందుతో బిగించి ఉంటారు.
* నాటు తుపాకి: నోటి నుండి మందు దట్టించేది. పంట కాపలాకు, వేటకు వాడేది. ఇది చూడడానికి పాతగా ఉన్నా ఇటీవలి కాలంలో తయారైనది కావచ్చు.

నకిలీలు

పాత తుపాకుల విపణిలో నకిలీలు అధికం. వాయవ్య సరిహద్దు ప్రాంతంలో, ముఖ్యంగా నేటి పాకిస్తానులోని దర్రా ఆదమ్‌ఖేల్‌లో, చేతితో చేసిన తుపాకులపై బ్రిటిష్ ముద్రలను అనుకరించి కొట్టేవారు. లాటిన్ లిపి రానివారు కొట్టినందున అక్షరాలు తలక్రిందులుగానో, అద్దంలో కనిపించినట్లుగానో ఉంటాయి. ముద్రలోని సంవత్సరానికి, తుపాకి నమూనాకు పొంతన ఉండదు. 1901లో మరణించిన విక్టోరియా రాణి అక్షరాలు 1910 నాటి తుపాకిపై ఉంటే అనుమానించాలి. మరొక మోసం అసలు తుపాకిపై కొత్తగా దళ గుర్తు చెక్కడం. పాత ముద్ర అంచులు అరిగి, చుట్టూ ఉన్న లోహం రంగులో కలిసి ఉంటాయి. కొత్త ముద్ర అంచులు పదునుగా, లోపల మెరుస్తూ ఉంటాయి.

చట్టము

భారతదేశంలో తుపాకులకు వర్తించే ప్రధాన చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. ఇది 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండడం జైలుశిక్షకు దారితీసే నేరం. "తాతల నాటిది" అన్న కారణం మాత్రమే మినహాయింపు ఇవ్వదు.

ఈ చట్టంలోని 45వ సెక్షను పాత కాలపు నమూనా, పురావస్తు విలువ కల లేదా పాడైన ఆయుధాలకు ఒక మినహాయింపు ఇస్తున్నది. కాని దానికి షరతు ఉన్నది. మరమ్మతు చేసినా, చేయకపోయినా ఆ ఆయుధం తుపాకిగా పనిచేయలేనిదై ఉండాలి. మంచి స్థితిలో ఉన్న 1871 నమూనా కార్బైనుకు వయసు ఎంత ఉన్నా ఈ మినహాయింపు వర్తించదు. తుప్పుతో గొట్టం చిల్లులు పడిన వత్తి తుపాకికి వర్తించవచ్చు. ఈ నిర్ణయం యజమాని సొంతంగా చేయదగినది కాదు. 2019 సవరణ ప్రకారం వారసత్వంగా వచ్చినవాటితో సహా ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు.

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులు పురావస్తువులు. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. భూమిలో పాతిపెట్టిన వస్తువు దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ కలదానిని కలెక్టరుకు తెలియజేయాలి. పొలం దున్నేటప్పుడు, పాత గోడ పడగొట్టేటప్పుడు బయటపడిన వాటికి ఇది వర్తిస్తుంది.

పాత తుపాకి దొరికినపుడు

నోటి నుండి మందు దట్టించే తుపాకిలో మందు, గుండు లోపలే ఉండిపోయే అవకాశం ఉన్నది. చూచినంత మాత్రాన ఇది తెలియదు. నల్లమందు తడి తగలకుండా ఉంటే దశాబ్దాల తరువాత కూడా మండగలదు. అందుచేత క్రింది జాగ్రత్తలు అవసరం.

* తుపాకి నోటిని ఎవరివైపూ త్రిప్పకూడదు. మీటను నొక్కి చూడకూడదు. నిప్పు, వేడి దగ్గరకు చేర్చకూడదు.
* దొరికిన చోటనే ఫోటో తీసి, తేదీ, స్థలం, చుట్టూ ఉన్న వస్తువుల వివరాలు వ్రాసి ఉంచాలి.
* దగ్గరలోని పోలీసు స్టేషనుకు వ్రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకొనాలి. పురావస్తు శాఖకు కూడా సమాచారం ఇవ్వవచ్చు.
* ఉప్పుకాగితంతో రుద్దడం, ఆమ్లంతో కడగడం, రంగు వేయడం చేయరాదు. తుప్పుతో పాటు ముద్రలు కూడా పోతాయి. ముద్రలు పోయిన తుపాకి పాత ఇనుముతో సమానం.
* భయపడి బావిలో పడవేయడం, పాత సామాను వర్తకునికి అమ్మడం చేయరాదు. నేరం తప్పకపోగా చారిత్రక ఆధారం శాశ్వతంగా నశిస్తుంది.

కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ వంటి చోట్ల 1846 నాటి సంఘటనలు ఎక్కువగా కంపెనీ అధికారుల లేఖల ద్వారాను, జానపద గేయాల ద్వారాను మనకు తెలిసినవి. ఆ పోరాటంలో పాల్గొన్నవారి చేతిలోని ఒక్క ఆయుధం దొరికినా, అది ఎక్కడ తయారైనది, ఎవరి నుండి వచ్చినది అన్న ప్రశ్నలకు సమాధానం లభించవచ్చు. దొరికిన చోటు వివరాలు లేని వస్తువు ఈ సమాధానం ఇవ్వలేదు.

సేకరణ

లైసెన్సు పొంది తుపాకులు సేకరించడం కొద్దిమందికే సాధ్యం. విద్యార్థులకు, సాధారణ పాఠకులకు అందుబాటులో ఉన్న మార్గం తుపాకులకు బదులు వాటి సమాచారాన్ని సేకరించడం. ముద్రల చిత్రాలు, పాత కర్మాగారాల జాబితాలు, సైనిక దళాల చరిత్రలు, కుటుంబాలలో మిగిలిన పాత లైసెన్సు పత్రాలు ఇందుకు పనికివస్తాయి. 1951 డిసెంబరు 16న ప్రారంభమైన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉన్నది. పేల్చే పద్ధతుల మధ్య తేడాను కళ్ళారా చూచి నేర్చుకొనడానికి అది తగిన ప్రదేశం.

ఇవి కూడా చూడండి

* ఉయ్యాలవాడ నరసింహారెడ్డి
* పాళెగాళ్ళు
* కర్నూలు నవాబులు
* థామస్ మన్రో
* నంద్యాల
* ఆళ్ళగడ్డ
* సాలార్‌జంగ్ మ్యూజియం